మేనేజ్డ్ కాసాండ్రా కొంటున్నారా? టైమ్‌స్టాంప్ ఎవరు వేస్తారో ముందు అడగండి

కాసాండ్రా అంటే నోడ్లు అనే చాలా సర్వర్ల మీద నడిచే డేటాబేస్. దాన్ని వేరే కంపెనీయే నడిపిపెట్టే మేనేజ్డ్ సర్వీస్ తీసుకునే ఆలోచనలో ఉన్నవాళ్లు జాగ్రత్త. మాకు సర్వీస్ ఇచ్చిన కంపెనీ పేరు రాయడం లేదు. ఇది వాళ్లొక్కరి దగ్గరే ఎదురయ్యే సమస్యా కాదు.

మా ఆర్డర్ల టేబుల్లో కొన్ని అప్‌డేట్లు మాయమయ్యేవి. ఎర్రర్ ఏమీ రాదు, రైట్ (డేటా రాయడం) సక్సెస్ అనే వస్తుంది, తీరా చదివితే పాత విలువే ఉంటుంది. కొన్ని రికార్డులైతే డిలీట్ చేసి మళ్లీ రాసినా కనిపించేవి కావు. టికెట్ పెడితే "మా నోడ్ల గడియారాలు సరిగ్గానే ఉన్నాయి, క్వోరమ్ పెట్టుకోండి" అని మూసేశారు. క్వోరమ్ అంటే డేటా కాపీలున్న నోడ్లలో సగానికి పైగా జవాబిస్తేనే పని అయినట్టు లెక్కించడం. దానికీ దీనికీ సంబంధమే లేదు! నోడ్ల గడియారాలు మాత్రం నిజంగానే బాగున్నాయి.

కాసాండ్రాలో ప్రతి సెల్‌కీ (ఒక వరుసలోని ఒక కాలమ్ విలువకి) ఒక రైట్ టైమ్‌స్టాంప్, అంటే రాసిన సమయం ముద్ర, ఉంటుంది, 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన మైక్రోసెకన్లలో. ఒకే సెల్‌కి రెండు విలువలు వస్తే పెద్ద టైమ్‌స్టాంప్ ఉన్నదే నెగ్గుతుంది, ఏది ముందు చేరిందన్నది లెక్కలోకి రాదు. క్వెరీలో 'యూజింగ్ టైమ్‌స్టాంప్' అని మనం ఇవ్వకపోతే, ఒకప్పుడు రిక్వెస్ట్ అందుకున్న కోఆర్డినేటర్ నోడ్ ఆ అంకె వేసేది. 2.1 వెర్షన్‌తో ప్రోటోకాల్ వీ3 వచ్చాక డ్రైవరే (అప్లికేషన్‌లో ఉండి డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) ఆ అంకె పంపగలుగుతోంది. ఇప్పటి జావా, పైథాన్ డ్రైవర్లలో డిఫాల్ట్ అదే. అంటే చెల్లేది అప్లికేషన్ నడిచే మెషిన్ గడియారం.

ఆ మెషిన్లూ వాళ్ల ప్యాకేజీలోవే. వాళ్లిచ్చిన ఇమేజ్‌లో (మెషిన్‌లో ఎక్కించే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మూసలో) గడియారాన్ని సరిచేస్తూ ఉండే క్రోనీ ప్రోగ్రామ్ ఆఫ్ చేసి ఉంది. ఒక మెషిన్ గడియారం కొన్ని నిమిషాలు ముందుంది. దాన్నుంచి వెళ్లిన డిలీట్, ఇంకా రాని సమయం ముద్రతో టూంబ్‌స్టోన్ (డిలీట్ అయిందని చెప్పే గుర్తు) అయి కూర్చుంటుంది. ఆ సమయం వచ్చేలోపు మిగతా సర్వర్లు ఏం రాసినా ఆ డిలీట్ కిందే పోతుంది. అలా పోయినవి తర్వాత వాటంతటవే తిరిగి రావు. మారని రికార్డుల మీద, విలువకున్న టైమ్‌స్టాంప్ చూపే రైట్‌టైమ్ ఫంక్షన్ నడిపి చూస్తే గానీ విషయం బయటపడలేదు.

అగ్రిమెంట్ తీసి చూస్తే క్లాక్ సింక్ హామీ "డేటాబేస్ నోడ్లకు" మాత్రమేనట. బిల్లు మాత్రం అన్నిటికీ! రిఫండ్ అడిగితే ఆ లైనే చూపించారు.

కాబట్టి టైమ్‌స్టాంప్ డ్రైవర్ వేస్తుందా సర్వర్ వేస్తుందా, అప్లికేషన్ మెషిన్ల ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి) బాధ్యత ఎవరిది, గడియారం తప్పితే అలర్ట్ వస్తుందా అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. జావా డ్రైవర్ 4లో టైమ్‌స్టాంప్‌ను సర్వర్‌కి వదిలేసే సెట్టింగ్ ఉంది. అయితే ఒకే క్లయింట్ వెంటవెంటనే చేసిన రెండు రైట్లు వేర్వేరు కోఆర్డినేటర్లకి వెళితే వరుస తారుమారయ్యే రిస్క్ ఉంటుంది, అందుకే మేం దాని జోలికి పోలేదు. కాసాండ్రా 5.0లో మరీ ముందున్న టైమ్‌స్టాంప్‌లను తిప్పికొట్టే గార్డ్‌రైల్ వచ్చింది, అది ఆన్ చేసిస్తారా అని కూడా అడగండి. పాత డేటా తెచ్చే స్క్రిప్టులు మైక్రోసెకన్లకు బదులు మిల్లీసెకన్లు ఇస్తున్నాయేమో చూసుకోండి. అలా రాసినవి మామూలు రైట్ల ముందు ఎప్పుడూ ఓడిపోతాయి.

మేం గడియారం సరిచేసి, ముందుకెళ్లిన ఆ నిమిషాలు గడిచేదాకా ఆగి, పోయిన ఆర్డర్లను అప్లికేషన్ లాగ్‌ల నుంచి మళ్లీ రాసుకుంటున్నాం.