హాఫ్ బ్లడ్ బ్లూస్: బేస్ వాద్యగాడు చెప్పిన కథ

ఎసీ ఎడూజన్ 2011లో రాసిన ఈ నవల ఒక జాజ్ బృందం కథ. ఇందులో అసలు ప్రతిభ ట్రంపెట్ వాయించే ఫాక్‌ది. కథ చెప్పేది బేస్ వాయించే సిడ్. అతని అసూయే పుస్తకానికి ప్రాణం. కథ 1939 బెర్లిన్, 1940 పారిస్, 1992 మధ్య అటూ ఇటూ మారుతుంది. ఊరు, ఏడాది గమనిస్తూ చదవాలి. సిడ్‌ది బాల్టిమోర్ నల్లవాళ్ల యాస, పైకి చదివితే లయ పట్టుబడుతుంది.

రికార్డింగ్ ఘట్టాలు అద్భుతం! నాజీల హోర్స్ట్ వెస్సెల్ పాటనే మెలితిప్పి బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల సంగీతం) చేస్తారు. నచ్చని డిస్కుల్ని ఫాక్ గీకి పాడుచేస్తుంటే సిడ్ ఒకటి దాచేస్తాడు.

గాయని డెలైలాతో సిడ్ ప్రేమ వ్యవహారం మాత్రం సాగదీసినట్టు ఉంది. పారిస్‌లో కనిపించే ప్రసిద్ధ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను చరిత్ర అనుకోవద్దు. ఆయన 1935లోనే అమెరికా తిరిగి వెళ్లిపోయారు. జర్మనీలోని రైన్‌ల్యాండ్‌లో ఆఫ్రికన్ సైనికులకు పుట్టిన పిల్లలకు నాజీలు 1937లో బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్లు చేయించారని తెలిసి చదివితే, అలాంటి బిడ్డే అయిన ఫాక్ భయం ఇంకా బాగా అర్థమవుతుంది.