కాలేజీ షెడ్‌లో బండికి చైన్ లాక్: మూడేళ్లు వాడాక

ఈ చైన్ లాక్ 2022 ఆగస్టులో కొన్నాను. అంతకు పది రోజుల ముందు, నేను పనిచేసే కాలేజీ పార్కింగ్ షెడ్‌లోంచి అప్పటి నా బండి పోయింది. ఉదయం తొమ్మిదింటికి హ్యాండిల్ లాక్ వేసి పెట్టాను. సాయంత్రం అయిదింటికి వెళ్లి చూస్తే ఆ చోట ఎవరిదో స్కూటీ ఉంది. పాలకొల్లు నుంచి భీమవరం రోజూ ఆ బండి మీదే వచ్చేవాణ్ణి. కిస్తీలు తీరి నాలుగు నెలలు కూడా కాలేదు. లోన్ ఉన్నన్నాళ్లూ ఫుల్ ఇన్సూరెన్స్ కట్టి, అది తీరగానే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంచాను. బండి దొంగల పాలైతే థర్డ్ పార్టీలో పైసా రాదు. ఆ తప్పు మీరు చేయకండి.

ఇక లాక్ సంగతి. చదరపు లింకులు, ఒక్కో లింకు పది మిల్లీమీటర్ల మందం, పైన గుడ్డ తొడుగు. బరువు రెండు కిలోల పైనే. మొదట్లో బ్యాగులో మోశాను, భుజం లాగేసింది. ఇప్పుడు సీటు వెనక క్యారియర్‌కి చుట్టి తాడుతో బిగిస్తున్నాను. వెనక చక్రంలోంచి దూర్చి షెడ్ ఇనప స్తంభానికి కలిపి వేయాలి. ఉత్త చక్రానికే వేస్తే ఇద్దరు మనుషులు బండిని ఎత్తి ట్రాలీ ఆటోలో పెట్టుకుని పోతారు. చైన్ నేలకు ఆనకుండా చూసుకోవాలి. నేల మీద ఉంటే సుత్తి దెబ్బకు ఆధారం దొరుకుతుంది. స్తంభం పక్కన చోటు కోసమే నేను ఇరవై నిమిషాలు ముందు వస్తున్నాను.

మన వైపు గాలిలో తేమకి తాళాలు తొందరగా పాడవుతాయి. మొదటి వర్షాకాలానికే తాళం చెవి తిరగడం మానేసింది. ఇంట్లో అన్నిటికీ వాడినట్టే కొబ్బరి నూనె వేశాను. అదే పెద్ద పొరపాటు. డిసెంబరు చలికి నూనె గడ్డకట్టింది, ధాన్యం లారీల దుమ్ము దానికి అంటుకుని లోపల ముద్దలా తయారైంది. రాత్రి ఏడింటిదాకా బండి దగ్గరే నిలబడ్డాను. తాళాలు బాగుచేసే ఆయన వచ్చి పెట్రోల్‌తో కడిగి, "నూనె వద్దండీ, పెన్సిల్ ముల్లు పొడి చేసి ఊదండి" అన్నారు. అప్పటినుంచి నెలకోసారి అదే చేస్తున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. తాళం రంధ్రం కిందికి ఉండేలా వేస్తే వాన నీరు నిలవదు. గుడ్డ తొడుగు మాత్రం రెండేళ్లకే చిరిగింది. దానికి మార్కులు ఇవ్వను.

అసలు పరీక్ష 2024 ఫిబ్రవరిలో వచ్చింది. సాయంత్రం బండి తీయబోతే తొడుగు నిలువునా కోసి ఉంది, ఒక లింకు మీద రంపపు గాట్లు రెండు. గట్టిపరిచిన ఉక్కు కాబట్టి రంపం పట్టలేదు. ఆ రోజు ఈ లాక్ నా బండిని కాపాడింది, అందులో సందేహం లేదు.

కోపం వచ్చింది ఆ తర్వాతే. గాట్లు చూపించడానికి సెక్యూరిటీ ఇన్‌చార్జిని షెడ్‌కి పిలిచాను. ఆయన వంగి కూడా చూడలేదు. "బండి పోలేదు కదా సార్" అన్నారు. కెమెరా చూపించమంటే అది మెయిన్ గేటు వైపు ఉందట, షెడ్ రాదట. స్టేషన్‌కి వెళ్తే, "కాలేజీ లోపలి విషయం, ముందు మీ సెక్యూరిటీతో మాట్లాడుకోండి" అన్నారు. 2022లో బండి పోయినప్పుడూ ఇంతే. ఫ్రెండ్స్ ఎవరైనా తీసుకెళ్లారేమో రెండ్రోజులు చూడమన్నారు. ఎఫ్ఐఆర్ చేతికొచ్చేసరికి ఆరో రోజు. దొంగతనం జరిగిందని చెబితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. నేరం జరిగిన చోటు తమ స్టేషన్ పరిధిలో లేకపోయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. దొంగతనానికి అప్పుడు ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 379, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 303. సెక్షన్ నంబరు మారింది, స్టేషన్‌లో నాకు ఎదురైన మాట మాత్రం మారలేదు.

సెక్యూరిటీకి మనుషులు లేరా అంటే ఉన్నారు. ముందు గేటు దగ్గర నలుగురు నిలబడి పిల్లల ఐడీ కార్డులు చూస్తారు. బయటికి వెళ్లే బండిని ఒక్కరూ ఆపరు. వెనక గేటు క్యాంటీన్ సరుకుల కోసం మధ్యాహ్నమంతా తెరిచే ఉంటుంది. మునుపు షెడ్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. ఏ బండి ఎవరిదో ఆయనకు ముఖాలతో సహా తెలుసు. కొత్త మనిషి తాళం తిప్పుతుంటే "ఎవరి బండి బాబూ?" అని అడిగేవారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్క బండీ పోలేదు. తర్వాత ఆయన్ని ఆఫీసు ముందు కార్ల దగ్గర వేశారు. టోకెన్ల పద్ధతి పెట్టారు గానీ మూడు వారాలకే టోకెన్లు అయిపోయాయి, మళ్లీ అచ్చు వేయించలేదు.

నోటీసు బోర్డు మీద మాత్రం "మీ వాహనాలకు మీదే బాధ్యత" అని ఉంటుంది. ఏడాదికి పార్కింగ్ ఫీజు కడుతున్నాం, ఆ బాధ్యతలో వాళ్ల వాటా ఏమిటో అడిగే హక్కు మాకుంది. చైన్ లాక్ ఇచ్చేది కొన్ని నిమిషాలే. ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ తెస్తే ఇదీ తెగుతుంది. కానీ గ్రైండర్ పెద్దగా మోగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. ఆ చప్పుడు వినడానికి షెడ్‌లో ఒక మనిషి ఉండాలి.

కొనాలా అని అడిగితే, కొనండి. రెండో తాళం చెవి ఇంట్లో పెట్టండి, చెవి మీది నంబరు రాసుకోండి. ఆర్సీ, ఛాసిస్, ఇంజిన్ నంబర్ల ఫోటోలు ఫోన్‌లో ఉంచండి. ఫుల్ ఇన్సూరెన్స్ మానకండి. క్లెయిమ్‌కి బండి తాళం చెవులు రెండూ అడుగుతారు.

మొన్న సోమవారం ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చాం, ఒక కాపీ స్టేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. అడిగినవి మూడు: షెడ్ వైపు ఒక కెమెరా, బయటికెళ్లే బండికి టోకెన్, ఆ పెద్దాయన్ని మళ్లీ షెడ్ దగ్గరే వేయడం. నలభై ఒక్క మంది సంతకాలు పెట్టారు. వాళ్లలో ఆరుగురి బండ్లు ఈ షెడ్‌లోనే పోయాయి.