ఆశా అక్క ఇంటికొచ్చి బిడ్డను చూసే సేవ: మా అనుభవం

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి, పైసా కట్టక్కర్లేదు. ఏదో రాసుకుని పోతారులే అనుకున్నా. మా ఆశా అక్క మాత్రం మూడో రోజే వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, బిడ్డను తూచి, చంకలో థర్మామీటర్ పెట్టి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది; 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పొమ్మంది.

అసలు గొడవంతా మా అమ్మతో. బొడ్డుకు పసుపు పెడదామని, నోట్లో తేనె రాద్దామని ఒకటే పట్టు. అక్క కసరలేదు. "పెద్దమ్మా, మీ కాలంలో ఇవి చెప్పేవాళ్ళు లేరు, ఆరు నెలలదాకా తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు" అని పక్కన కూర్చుని నచ్చజెప్పింది. నా మాట ఏనాడూ వినని మా అమ్మ ఆమె మాట వింది! బొడ్డు పొడిగా వదిలేశాం, నాకు సగం టెన్షన్ తగ్గింది.

లోటు ఏంటంటే 14వ రోజు రాలేదు. ఫోన్ చేస్తే సర్వే డ్యూటీ అంది, మూడు రోజుల తర్వాత వచ్చింది. అన్ని పనులూ వాళ్ళ నెత్తినే పడేస్తే ఏం చేస్తారు పాపం.

అయిదుకి నాలుగు ఇస్తా. నెలలు నిండుతున్నవాళ్ళు మీ ఆశా అక్క నంబర్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.