నీటి రాకెట్ కిట్: నాగావళి ఇసుకలో చాన్నాళ్ళు ఎగరేశాక

నీటి రాకెట్ అంటే, బాటిల్‌లో కాస్త నీళ్ళు పోసి, పంపుతో గాలి కొట్టి వదిలితే నీళ్ళు కిందికి చిమ్ముతూ బాటిల్ పైకి ఎగురుతుంది. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్‌కి మీరిచ్చే డబ్బంతా లాంచర్‌కే, అంటే బాటిల్‌ని పట్టి ఉంచి వదిలే స్టాండుకే. రాకెట్ పేరుతో వచ్చేది ఒక ఖాళీ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, నాలుగు రెక్కలు, ఒక ముక్కు, ఒక ప్లాస్టిక్ పారాచూట్. బాటిళ్ళు శ్రీకాకుళంలో ఏ కల్యాణమండపం వెనకైనా కుప్పలుగా ఉంటాయి. రెక్కలకి కావలసిన సన్‌ప్యాక్ షీటు, అదే బోర్డులకి వాడే ప్లాస్టిక్ అట్ట, ఏ ఫ్లెక్సీ షాపులోనైనా దొరుకుతుంది, ఎన్నికలయ్యాకైతే ఊరికే ఇస్తారు. గాలి లీకవకుండా, లాగిన క్షణంలోనే బాటిల్‌ని వదిలేసే స్టాండు మాత్రం ఇంట్లో చేసుకోవడం అంత తేలిక కాదు.

నిజానికి నా మనసు పడింది దీని మీద కాదు. టెక్సాస్‌లో ఉండే మా బావ మిడ్-పవర్ రాకెట్లు ఎగరేస్తాడు. అంటే మందు నింపిన E, F, G మోటార్లతో ఎగిరేవి. ఈ మోటార్లను మొత్తం తోపుని బట్టి అక్షరాలతో పిలుస్తారు. తోపుని అది ఉన్నంత సేపుతో గుణిస్తే వచ్చే న్యూటన్-సెకన్లలో దాన్ని కొలుస్తారు. A అంటే గరిష్ఠంగా 2.5, అక్కణ్ణుంచి అక్షరం మారినప్పుడల్లా ఆ హద్దు రెట్టింపవుతుంది. అలా E 20 నుంచి 40, F 80 దాకా, G 160 దాకా. అట్టగొట్టం, ప్లైవుడ్ రెక్కలు ఉన్న కిట్‌ని సూట్‌కేసులో తేవచ్చు, మోటారు మాత్రం విమానం ఎక్కదు. ఇక్కడ మందు నింపిన మోటారు పేలుడు పదార్థాల చట్టం కిందికొస్తుంది, పోస్టులో తెప్పించుకునే సరుకు కాదు. ఇంట్లోనే మందు కలపమని చెప్పే వీడియోలు బోలెడు. ఆ జోలికి మాత్రం పోకండి. బాణసంచా తయారీ దగ్గర జరిగే ప్రమాదాల వార్తలు ప్రతి దీపావళికీ చదువుతూనే ఉన్నాం కదా.

"మోటారు లేని రాకెట్ ఏంటి బావా, సోడా సీసా కదా అది!" అన్నాడు బావ. నేను లెక్క కట్టి పంపాను. బాటిల్‌లో మూడోవంతు నీళ్ళు, మిగతాది 72 పాయింట్ల (psi) గాలి, అంటే 5 బార్లు. ఆ ఒత్తిడికి నీళ్ళు సెకనుకి 31 మీటర్ల వేగంతో బయటికి రావడం మొదలై, చివరికి వచ్చేసరికి 22కి తగ్గుతాయి. 650 గ్రాముల నీళ్ళకి ఆ లెక్కన దాదాపు 17 న్యూటన్-సెకన్లు. నీళ్ళు అయిపోయాక బుస్సుమని పోయే గాలి తోపు కూడా కలిపితే 20కి కాస్త ఇవతల ఆగుతుంది. D చివరన, E గుమ్మంలో. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తేడా ఎక్కడంటే, ఆ తోపు వచ్చే తీరులో. అమెరికాలో మోడల్ రాకెట్లు చేసే ఎస్టెస్ కంపెనీ వాళ్ళ F15 మోటారు దాదాపు 50 న్యూటన్-సెకన్లని మూడు సెకన్లకి పైగా నింపాదిగా ఇస్తుంది. మన బాటిల్ మూతి పూర్తిగా తెరిచి ఉంటుంది కాబట్టి మొదటి క్షణంలో తోపు 350 న్యూటన్లు దాటుతుంది, సెకనులో పదోవంతు గడవకముందే నీళ్ళన్నీ ఖాళీ. స్టాండు మీద ఉన్న రాకెట్ మీకు కనబడదు, ఉన్నచోట నీటి తుంపర మాత్రం కనబడుతుంది. కిట్‌తో వచ్చిన డబుల్ సైడ్ టేపు ఈ కుదుపుకి ఆగదు. రెక్కలు కింద, రాకెట్ పైన. వేడి గ్లూ గన్ వాడితే బాటిల్ మెత్తబడి ముడుచుకుపోతుంది. నాకు బాగా పనికొచ్చింది పాలీయురెథేన్ జిగురు. బాటిల్‌ని గరుకు కాగితంతో పైపైన రుద్ది, జిగురు రాసి, రాత్రంతా రబ్బరు బ్యాండ్లతో బిగించి ఉంచాలి. గట్టిగా రుద్దితే గీతలు పడి అక్కడే చిట్లుతుంది, అది గుర్తుంచుకోండి.

ఇక లాంచర్. అర అంగుళం యూపీవీసీ పైపు బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు, కూల్‌డ్రింక్ బాటిల్ మెడ లోపలి వ్యాసం దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ. ఎవరు కనిపెట్టారో గానీ ఆ రెండూ కలవడమే ఈ ఆట మొత్తానికి ఆధారం. పైపుకి గాలి పోకుండా ఆపే ఒక రబ్బరు ఓ-రింగు, పైపు చుట్టూ వరసగా వైర్లు కట్టే నైలాన్ కేబుల్ టైలు నిలబెట్టి ఉంటాయి. ఆ టైల తలలు బాటిల్ మెడకున్న అంచుని పట్టుకుంటాయి. వాటిని బయటికి విచ్చుకోకుండా ఒక పెద్ద పైపు ముక్క కడియంలా చుట్టి ఉంటుంది. తాడు లాగితే ఆ ముక్క కిందికి జారుతుంది, టైలు ఒక్కసారే విచ్చుకుంటాయి, అంతే. నేను వాడినన్నాళ్ళూ ఇది ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎండకి నైలాన్ పెళుసెక్కి టైల తలలు విరుగుతాయి, ఎలక్ట్రికల్ షాపులో కొత్తవి తెచ్చి మార్చుకుంటే సరి.

పంపు విషయంలో మాత్రం కిట్ చేసినవాళ్ళు మన ఊళ్ళు చూసినట్టు లేరు. లాంచర్‌కి ఉన్నది బైకు ట్యూబుకి ఉండే వాల్వు. మామూలు సైకిల్ పంపు మూతి దానికి పట్టదు. ప్రెషర్ మీటరున్న స్టాండు పంపు విడిగా కొనాలి. పైగా ఇచ్చిన గొట్టం పొట్టిది, తాడు ఇంకా పొట్టిది. గాలి కొట్టేవాడు నిండు ఒత్తిడిలో ఉన్న బాటిల్ పక్కనే వంగి నిలబడాలన్నమాట, అది నాకసలు నచ్చలేదు. పంక్చర్ షాపులో కంప్రెసర్‌కి వాడే గొట్టం ముక్క కొని ఐదారు మీటర్లు దూరం జరిపాను. కళ్ళజోడు పెట్టుకోకుండా పిల్లల్ని దగ్గరికి రానివ్వను. మంచినీళ్ళ బాటిల్‌తో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, గ్యాస్ డ్రింకు బాటిళ్ళే ఆ ఒత్తిడిని తట్టుకుంటాయి. కొత్త బాటిల్ ఏదైనా ముందు మూతిదాకా నీళ్ళు నింపి గాలి కొట్టి చూస్తాను. నీళ్ళతో చిట్లితే చప్పుడుండదు, తడుస్తామంతే.

పారాచూట్ ఈ కిట్‌లో బలహీనమైన భాగం. బావ మోటార్లలో ఆ తిప్పలు లేవు. E12-6 అంటే మందు కాలాక ఆరు సెకన్లకి చిన్న పేలుడు జరిగి ముక్కుని తోసేస్తుంది. మనకి ఆ పని తాళం తిప్పే బొమ్మలోంచి తీసినట్టున్న ఒక టైమరు చేయాలి. పొడిగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది. రెండోసారి ఎగరేసేసరికి లోపల తడి, ఇసుక చేరి నత్తనడక నడుస్తుంది. ప్రతిసారీ విప్పి, గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క వేయాల్సిందే. పైకి వెళ్ళడానికి మూడున్నర సెకన్లు పడుతుంది, నేను నాలుగుకి పెడతాను.

ఎత్తు ఎలా తెలుస్తుందంటే, కోణమానికి దారం, దానికో నట్టు కట్టి, 50 మీటర్ల దూరంలో నిలబడి చూస్తాం. 50 డిగ్రీలు వస్తే 60 మీటర్లు. మాకు మామూలుగా అటూ ఇటూగా అంతే వస్తుంది. 2015లో కేప్‌టౌన్ యూనివర్సిటీ వాళ్ళు కార్బన్ ఫైబర్ గొట్టంతో 830 మీటర్లు పంపారు. అది వేరే లోకం.

చోటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రాకెట్ కంటే దానితోనే ఎక్కువ టెన్షన్. వరి కోతలయ్యాక పొలాలు ఖాళీ అనుకుంటాం. మన వైపు పెసర, మినుము అప్పటికే మొలిచి ఉంటాయి. పారాచూట్ వెనక పిల్లలు పరిగెడితే, "చేనంతా తొక్కేత్తన్నారేటి బాబూ!" అని గట్టు మీంచి కేక వినపడుతుంది, న్యాయమే. వేసవిలో నాగావళి ఇసుక తిన్నెలు ఎంతో నయం. కింద పడ్డా ముక్కు పగలదు. కాకపోతే స్టాండుతో ఇచ్చిన మేకులు ఇసుకలో నిలవవు, కాళ్ళ మీద ఇసుక నింపిన గోనెసంచి వేయాలి. ఏటి నీళ్ళు బాటిల్‌లో పోసేటప్పుడు గుడ్డ పెట్టి వడకట్టాలి, ఒక్క ఇసుక రేణువు ఓ-రింగు మీద కూర్చున్నా గాలి నిలవదు. పొద్దున్న ఎనిమిదిలోపు ముగించేస్తాం. మధ్యాహ్నమైతే సముద్రం గాలి లేచి పారాచూట్‌ని గట్టు మీది తాటిచెట్లకి అప్పగిస్తుంది. ఒకసారి అలాగే చిక్కుకుంటే, కల్లు గీసే ఆయన కిందికి చూసి, "ఏటి బాబూ, మా చెట్టుకి గొడుగు కట్టినారేటి?" అని నవ్వి, దారాలు తెగకుండా విడదీసి దించి ఇచ్చాడు.

కొనాలా అంటే, లాంచర్ ఒక్కటీ విడిగా అమ్మేవాళ్ళు దొరికితే అదే కొనండి. పూర్తి కిట్ కొంటే పారాచూట్ ప్లాస్టిక్ పారేసి పాత గొడుగు గుడ్డ కత్తిరించి వాడుకోండి. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకి బాగుంటుంది, అంతకంటే చిన్నవాళ్ళకి తాడు లాగే పని మాత్రమే ఇవ్వండి. విడి ఓ-రింగుల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం దండగ. అరిగిపోయినదాన్ని పట్టుకుని పంపుసెట్ల సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళండి, డబ్బాలోంచి వేలికి తొడిగి చూసి సైజు ఇచ్చేస్తారు. ఒకటికి నాలుగు తెచ్చుకోండి.