అరకు గింజను పట్టించేది ఆక్సిజనా, స్ట్రాన్షియమా?

మల్లేశ్వరంలో ఒక కొట్టువాడు అరకు లోయ గింజలని చెప్పి మా బావకు కాఫీ అమ్మాడు. "కూర్గ్‌దిలా ఉందిరా" అని ఆయన అనుమానం. రెండు చోట్ల పండే అరబికా రకం కాఫీకీ 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాలుకతో తేల్చడం కష్టం. ల్యాబ్‌లో మాత్రం రెండు దారులున్నాయి: గింజలోని ఆక్సిజన్‌ను చూడడం, లేదా స్ట్రాన్షియం అనే లోహాన్ని చూడడం.

ఆక్సిజన్ వాన కథ చెబుతుంది. మేఘం సముద్రం నుంచి లోపలికి, కొండపైకి పోయేకొద్దీ ఆక్సిజన్‌లో బరువైన రకం (ఐసోటోప్) అయిన ఆక్సిజన్-18 ముందే కురిసిపోతుంది. ఆ తేడా మొక్కలోకీ వస్తుంది. పరీక్ష కాస్త సులువే కానీ వానలు ఏటా ఒకేలా ఉండవు. పైగా అరకూ కొండే, కూర్గూ కొండే!

స్ట్రాన్షియంది రాతి కథ. రాతిలో ఉండే రుబీడియం అనే లోహంలో ఒక రకం, రుబీడియం-87, క్షీణించి స్ట్రాన్షియం-87 అవుతుంది. ఆ రుబీడియం సగానికి తగ్గాలంటేనే దాదాపు 5,000 కోట్ల ఏళ్లు! అందుకే రాయి వయసును బట్టి, అందులోని రుబీడియాన్ని బట్టి స్ట్రాన్షియం-87, 86ల నిష్పత్తి మారుతుంది. వేరు ఆ నిష్పత్తిని దాదాపు అలాగే గింజకు చేరుస్తుంది. తోటలో సున్నం, ఎరువులు వేస్తే మాత్రం లెక్క కొంత చెడుతుంది. గింజను కరిగించి స్ట్రాన్షియంను వేరుచేయాలి కాబట్టి ఖర్చూ ఎక్కువే.

అయినా నా ఓటు దీనికే. కాకపోతే రెండు చోట్ల తోటల్లోని అసలు గింజల్ని ముందే కొలిచి పెట్టుకోవాలి. లేకపోతే వచ్చిన అంకెను దేనితో పోలుస్తాం? బావ మాత్రం ఈలోపే డబ్బా ఖాళీ చేసేశారు.