పాలు మానిన రెండేళ్లు: టీ ఓడింది, పల్లీ పెరుగు నిలిచింది

పాలు తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైము వయసుతో పాటు నాకు తగ్గిపోయిందని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. అప్పటి నుంచి హైదరాబాద్ నల్లకుంటలోని మా వంటింట్లోకి సోయా, బాదం, ఓట్స్, కొబ్బరి అన్నీ వచ్చాయి. చాలావరకు వచ్చిన దారినే పోయాయి.

ముందు టీ సంగతి. సోయా పాలతో అల్లం టీ పెట్టాను. పొంగు రాకముందే గిన్నెలో తెల్లటి తునకలు తేలాయి. మా అత్తగారు వంగి చూసి, "పనీరు చేస్తున్నావా అమ్మాయ్?" అన్నారు. డికాక్షన్ విడిగా కాచి, కాస్త చల్లారాక గోరువెచ్చటి సోయా పాలు కలిపితే విరగడం లేదు గానీ, ఆ పచ్చి గింజ వాసన మాత్రం పోదు. ఓట్స్ పాలు విరగవు, మరిగిస్తే చిక్కబడి జావ అవుతాయి. టీ పొడి వేసిన గంజి తాగే ఓపిక నాకు లేదు.

అవే ఓట్స్ పాలు ఫిల్టర్ కాఫీలో బాగున్నాయి. మరిగించకుండా వేడి చేసి పోయాలి, అంతే. తయారీలో ఓట్స్‌లోని పిండిపదార్థాన్ని ఎంజైములతో విడగొడతారు కాబట్టి పంచదార వేయకపోయినా తియ్యగా ఉంటాయి. మా వారికి షుగరు ఉంది, అందుకే ఆయన కప్పులో పోయను.

బాదం పాల గురించి రెండే మాటలు: డబ్బు దండగ. నేను కొన్న డబ్బా వెనక చదివితే బాదం 3 శాతం, మిగతాది దాదాపు నీళ్లే. ముందువైపు 'పాలు' అని కాకుండా 'డ్రింక్' అని ఎందుకుందా అనుకున్నాను. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం 'పాలు' అనే మాట పశువుల పాలకే చెల్లుతుందట, కొబ్బరిపాల వంటి వాటికి మాత్రం మినహాయింపు. పేరు ఏదైనా, డబ్బాను బాగా కుదిపి పోసుకోండి. విడిగా కలిపిన కాల్షియం అడుగున చేరుతుంది. ఆ తెల్లటి మడ్డిని చెడిపోయిందనుకుని ఒక డబ్బా మొత్తం సింకులో పారబోశాను.

టీ లేకపోయినా బతకగలను, పెరుగన్నం లేకుండా భోజనం ముగించలేను. పెరుగు తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి చాలామందికి పడుతుంది. నాకు గరిటెడు వరకే. గరిటెడు పెరుగు అన్నంలో ఏ మూలకు?

పల్లీ పెరుగు దగ్గర ఆగాను. బేగంబజార్‌లో తెచ్చిన పల్లీలు పావుకిలో రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, లీటరు నీళ్లతో మెత్తగా రుబ్బి పలుచటి గుడ్డలో వడకడతాను. సన్న సెగ మీద గరిటె ఆపకుండా కలుపుతూ కాచాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది, ఆ మాడు వాసన పెరుగు దాకా వస్తుంది. గోరువెచ్చగా అయ్యాక ఆరేడు పచ్చిమిర్చి తొడిమలు వేసి మూత పెట్టాలి. తొడిమల మీది సూక్ష్మజీవులే తోడు. మొదటి విడత పన్నెండు గంటలు పట్టింది, రుచి కాస్త వగరు. దాన్నే తోడుగా వేసిన రెండో విడత చక్కగా పేరుకుంది. గేదె పెరుగులా గడ్డ కట్టదు, పైన నీరు తేలుతుంది. గుప్పెడు జీడిపప్పు కలిపి రుబ్బితే చిక్కదనం వస్తుంది. మే నెలలో ఐదు గంటల్లోనే పులిసిపోతుంది, డిసెంబరులో వెచ్చదనం కోసం బియ్యం డబ్బాలో దాచాలి.

వట్టిగా తింటే పల్లీ వాసన తెలుస్తుంది. ఆవాలు, ఇంగువ, కరివేపాకు తాలింపు పడి, పక్కన ఆవకాయ బద్ద ఉంటే ఆ వాసన మీదికి మనసు పోదు. మజ్జిగ పులుసుకు శనగపిండి కలిపాను, విరగలేదు. మిగిలిన పిప్పి చపాతీ పిండిలో కలుపుతాను. పావుకిలో పల్లీలకు 40 రూపాయలు దాటలేదు, ఓట్స్ డబ్బాకు లీటరు 300 పెట్టాను. అయితే పల్లీ పెరుగులో బి12 ఉండదు, కాల్షియమూ తక్కువే. డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను.

ఇరానీ హోటల్ ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం ఇప్పటికీ కాళ్లు ఆగుతాయి. నెలకోసారి వన్ బై టూ చెప్పి అరకప్పు తాగుతాను, అదీ ఆదివారం, ఆ పూట ఇంకెక్కడికీ వెళ్లే పని లేకపోతేనే.