వేలానికి గొరిల్లా బొమ్మలా, జూలో కళాకారుడా?

గొరిల్లాల పేరిట జూ డబ్బు కూడగట్టాలంటే శిల్పాల్లాంటి బొమ్మలు చేయించి వేలం వేయడం మేలా, జూలోనే ఒక కళాకారుణ్ని ఉంచి గొరిల్లాలను గీయించడం మేలా? 2011లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ జూకి 175 ఏళ్లు నిండాయి. ఆ వేసవిలో 60కి పైగా నిలువెత్తు గొరిల్లా బొమ్మలకు కళాకారులతో రంగులు వేయించి ఊరంతా నిలబెట్టారు. తర్వాత వేలం వేస్తే 4 లక్షల పౌండ్లు దాటింది. అందులో పిల్లల ఆసుపత్రికీ వాటా ఉంది.

కళాకారుణ్ని కొన్ని నెలలు జూలోనే ఉంచుకుంటే అంత సొమ్ము ఒక్కసారిగా రాదు, నిజమే. కానీ గొరిల్లా ముక్కు మీది ముడతలు ఒక్కోదానికి ఒక్కో తీరు. పరిశోధకులు వాటితోనే గుర్తుపడతారు. ఆ ముడత కాగితం మీదికి రావాలంటే రోజూ దాని ఎదుట కూర్చోవాల్సిందే. గీస్తుంటే పిల్లలు చుట్టూ మూగి "దీని పేరేంటి?" అని అడుగుతారు. అలా గీసిన బొమ్మల ప్రింట్లు అక్కడే అమ్మొచ్చు కూడా.

డబ్బు వెంటనే కావాలంటే వేలమే మేలు. తొందర లేకపోతే నా ఓటు పెన్సిలుకే.